ఎడమ కాలికి ఉన్ని, కుడి కాలికి నూలు

ముందుగదిలో చలి కాచుకునే పొయ్యి పైన కట్టిన తాడు మీద ఆమె మేజోళ్లు ఆరేస్తోంది. బుట్టలోంచి ఒక్కొక్కటే తీసి, ఒకసారి దులిపి, మడమ దగ్గర ముడత సరిచేసి, చెక్క క్లిప్పు పెడుతోంది. కిటికీ అవతల పొగమంచు ఇంకా వీధిని వదల్లేదు. ఎదురింటి గోడ సగమే కనిపిస్తోంది. మిగతా సగం ఎవరో కలగంటూ మధ్యలో ఆపేసినట్టుంది. ఆ సోమవారం ఉదయం ఆమె పెట్టుకున్న పనులు చిన్నవి. బట్టలు ఆరేయాలి, కాఫీ కలపాలి, గ్రంథాలయం వాళ్లు పంపిన పాత నిఘంటువుకి కొత్త అట్ట కుట్టాలి. పుస్తకాలు కుట్టడం ఆమె వృత్తి. వంటింటి బల్లకి ఒక చివర కూరగాయలుంటే, రెండో చివర దారాలు, జిగురు, సూదులు ఉంటాయి.

బుట్టలోంచి మొదట మందపాటి బూడిదరంగు ఉన్ని మేజోడు వచ్చింది. తర్వాత తెల్లటి నూలుది. ఆ తర్వాత సన్నటి గోధుమరంగు ఉన్నిది, పట్టు కలిసిన నీలంది, నల్లటి నైలాన్‌ది. ఆఖర్న ఆకుపచ్చది, చేతి తొడుగులాగా అయిదు వేళ్లకీ అయిదు గదులున్నది. ఆమె బుట్ట బోర్లించి చూసింది. ఇంకేమీ లేవు. ఆరు మేజోళ్లలో ఒక్కదానికీ జత లేదు. ఒకరికొకరు ఏమీ కాని ఆరుగురు ఒకే బండి కోసం ఎదురుచూస్తున్నట్టు అవి తాడు మీద వేలాడాయి.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. భర్త కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పొగమంచుకేసి చూస్తున్నాడు. పని మీద బయలుదేరడానికి తయారై ఉన్నాడు. కుడి కాలికి బూడిదరంగు ఉన్ని, ఎడమ కాలికి తెల్లటి నూలు.

"ఏమండీ, కాళ్లు..." అంది.

"ఊఁ. చెబుతున్నాయి" అన్నాడాయన, చూపు తిప్పకుండా. "ఎడమది సుఖంగానే ఉందిట. కుడిదే ఇంకా తేల్చుకోలేదు."

ఆమె చేతిలో క్లిప్పు జారి బుట్టలో పడింది.

మామగారికీ ఇలాగే మొదలైంది. ముందు చొక్కా గుండీలు తప్పాయి. తర్వాత ఒక రోజు కళ్లద్దాలు ఉప్పు జాడీలో దొరికాయి. ఆ తర్వాత ఒక ఉదయం ఆయన ఆమెని చూసి, ఎంతో మర్యాదగా, "మీరెవరమ్మా?" అని అడిగాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే పసిపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అందుకే ఆమె ఇప్పుడు మరో మాట అడగలేదు. కాఫీ కలిపి ఇచ్చింది. ఆయన తాగాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని, పొగమంచులోకి చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

ఆయన నడిస్తే ఎప్పుడూ చప్పుడుండదు. ఆఫీసులో అందరూ ఆయన్ని మెత్తడుగులాయన అంటారు. పాత భవనాల్లో చెక్క నేలల్ని పరీక్షించడం ఆయన ఉద్యోగం. బడులు, గ్రంథాలయాలు, సభామందిరాలు, అన్నిచోట్లా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లగా నడుస్తాడు. ఏ పలక వదులైందో, ఏది కింద పుచ్చిందో అరికాలితో తెలుసుకుని, సుద్దముక్కతో గుర్తు పెడతాడు. అందుకోసం ఆయన వేసుకునే బూట్లు వేరు. అడుగు కాగితమంత పల్చన, మడమకి ఎత్తు లేదు, వేళ్లు విచ్చుకోవడానికి ముందు భాగం వెడల్పు. చూడ్డానికి బాతు కాళ్లలా ఉంటాయి. అవి వేసుకుంటే నేల మీద పడిన వెంట్రుక కూడా తెలుస్తుందని ఆయన అంటాడు. తెలుస్తుంది కూడా, శీతాకాలం తప్ప.

చలికి ఆ పల్చటి అడుగులోంచి నేల చల్లదనం సూటిగా ఎక్కుతుంది. పాదాలు మొద్దుబారితే కబురు పైకి రాదు. కిందటి శీతాకాలం సంగీత పాఠశాలలో ఆయన ఒక పలకని గుర్తుపట్టలేకపోయాడు. వారం తర్వాత పియానో కాలొకటి ఆ పలకలోంచి కిందికి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, పాఠం చెప్పే ఆవిడ కూర్చోవడానికి భయపడి ఇప్పటికీ నిలబడే వాయిస్తోంది.

ఈ ఏడు మంచు మొదలవగానే సూపరింటెండెంటు ఆయన్ని గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "నేల మీద తట్టి చూసే యంత్రం ఒకటి కొన్నారు సార్. ఇంకొక్కసారి తప్పు జరిగితే నా చేతుల్లో ఏమీ ఉండదు. వచ్చే వారం శుక్రవారం నృత్యశాల నేల మీరు చూడాలి. శనివారం అక్కడ నలభై మంది పిల్లలు గెంతుతారు." మెత్తడుగులాయన సరేనన్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆయన పాదాలకి దొరికిన ఒకే ఒక్క గౌరవం ఆ ఉద్యోగం. ఆ హెచ్చరిక సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది. చెప్పకుండానే చలిని గెలవాలనుకున్నాడు.

మందపాటి ఉన్ని వెచ్చగా ఉంటుంది గాని, బూటులో చోటంతా అదే ఆక్రమిస్తుంది. వేళ్లు ఇరుక్కుని, నెత్తురాడక, అంత ఉన్నిలోనూ చల్లబడతాయి. నూలు పల్చగానే ఉంటుంది గాని చెమట పీల్చి తడిసిపోతుంది. తడిసిన నూలు కంటే మంచుగడ్డ నయం. మధ్యలో ఎక్కడో సరైన మేజోడు ఉండి తీరాలి. అందుకని ఆయన ఆరు రకాలు కొన్నాడు. రోజుకి రెండు రకాలు, ఒక్కో కాలికి ఒక్కోటి. మధ్యాహ్నం బూట్లు విప్పి, ఏ కాలు ఏం చెప్పిందో నోటుపుస్తకంలో రాస్తాడు. ఆ నోటుపుస్తకం భార్య కుట్టి ఇచ్చిందే.

అంతా పద్ధతిగానే జరుగుతోంది. ఒక్క సంగతి ఆయన ఆలోచించలేదు. ఒక కాలికి మందం, ఒక కాలికి పల్చన వేసుకుని నడిస్తే, ఆ పల్చటి కాలికే లోకం కదిలినట్టు తెలుస్తుంది. కిందటి శుక్రవారం గ్రంథాలయంలో ఎడమ కాలికి బూడిద ఉన్ని, కుడి కాలికి తెల్ల నూలు వేసుకుని పఠనమందిరమంతా నడిచాడు. కుడి కాలు పడిన ప్రతి చోటా సుద్దగుర్తు పెట్టాడు. చూసినవాళ్లకి ఎవరో ఒంటికాలి మీద గదంతా తిరిగినట్టు కనిపించింది. సోమవారం వడ్రంగులు వచ్చి, గుర్తు పెట్టిన నలభయ్యొక్క పలకల్నీ ఊడదీశారు. నలభయ్యొక్కటీ గట్టివే.

ఈ గొడవేదీ ఆయన భార్యకి తెలియదు. సోమవారం సాయంత్రం ఆయన మర్నాటి కోసం రెండు మేజోళ్లు కుర్చీ మీద పెట్టి పడుకున్నాడు. ఒకటి బూడిదది, ఒకటి నీలంది. మంగళవారం ఉదయం ఆయన గడ్డం గీసుకుంటుంటే ఆమె చప్పుడు కాకుండా సొరుగు తెరిచి, బూడిదరంగు రెండోది తీసి, నీలందాని స్థానంలో పెట్టింది. మనిషి జత తప్పి నలుగురిలోకి వెళ్లకపోతే చాలు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

నీలం మేజోడు చేతిలో మిగిలింది. సొరుగులో పెడితే ఆయన చూస్తాడు. చూస్తే తను తప్పు చేశానని బాధపడతాడు. ఆమె చుట్టూ చూసి, పొయ్యి ముందుకి వెళ్లి, అక్కడి పలక మీద కాలు పెట్టింది. టక్కుమంది. పదకొండేళ్లుగా అది అలాగే అంటోంది. ఊరందరి నేలలూ చూసే మనిషికి ఆ ఒక్క పలకా తెలియదు. ఇంట్లో ఆయన పాదాలకి సెలవు. గుమ్మం దాటగానే పరుపుల్లాంటి కంబళి చెప్పుల్లోకి దూరిపోతాయి. మొత్తం ఇంట్లో ఆయన కంటపడని చోటు అదొక్కటే. ఆమె పలక పైకెత్తి, మేజోడు లోపల పెట్టి, మళ్లీ మూసేసింది.

మెత్తడుగులాయన వచ్చి, పొగమంచుని చూస్తూ మేజోళ్లు తొడుక్కున్నాడు. పొద్దున్నపూట ఆయన పాదాలు ఇంకా నిద్రలోనే ఉంటాయి. తొమ్మిది దాటితే గాని కబుర్లు సరిగ్గా మోసుకురావు.

మధ్యాహ్నం ఒక పాత బడి వరండాలో ఆయన బూట్లు విప్పాడు. రెండు కాళ్లకీ బూడిదరంగే. చాలాసేపు చూశాడు. ఒకదాన్ని కొంచెం లాగి, కింద నీలం రంగు ఉందేమోనని కూడా చూశాడు. తర్వాత నోటుపుస్తకం తెరిచి రాశాడు: "మంగళవారం. రెండూ బూడిద. నేను పెట్టుకున్నవి ఇవి కావు. లేదా ఇవే."

ఆ ‘లేదా’ దగ్గర కలం ఆగింది. ఆయనకి తన తండ్రి గుర్తొచ్చాడు. ఉప్పు జాడీలోంచి తీసిన కళ్లద్దాల మీద తెల్లగా మెరిసిన రవ్వలు గుర్తొచ్చాయి. సాయంత్రం సొరుగు తెరిస్తే నీలందానికి జత లేదు. ఆయన భార్యని అడగలేదు. ఆవిడ కంగారు పడుతుంది. బదులుగా ఒక చీటీ రాసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం ఉదయం కోటు దులుపుతుంటే ఆ చీటీ ఆమె చేతికొచ్చింది. "రేపు కుడి కాలికి గోధుమ రంగు. ఎడమ కాలికి ఆకుపచ్చ. ఎడమ అంటే గడియారం పెట్టుకునే చేతి వైపు. ఇది నువ్వే రాశావు."

ఆమె కోటుని గుండెకి హత్తుకుంది. తర్వాత చీటీ జేబులో పెట్టేసింది. ఆకుపచ్చది తీసి పలక కింద దాచింది. పొయ్యి పైన తాడు మీదున్న గోధుమరంగు మేజోడు తెచ్చి, కుర్చీ మీదున్న దానికి జత చేసింది. ఆయన బయలుదేరగానే ఆడపడుచుకి ఫోను చేసింది.

ఆడపడుచు మెత్తడుగులాయనకి అక్క. నలభై ఏళ్లు హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైంది, కానీ ఆ సంగతి ఆవిడ గొంతుకి ఎవరూ చెప్పలేదు.

"ఏడవకు. నేనొస్తున్నా" అంది ఫోనులో. "వాణ్ణి ఏమీ అడక్కు. అడగాల్సినవి నేనడుగుతా."

గురువారం సాయంత్రం ఆవిడ ఒక సంచీతో దిగింది. తమ్ముడు పని నుంచి వచ్చి కంబళి చెప్పుల్లో కాళ్లు పెట్టేలోగా ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నేనెవర్ని?"

ఆయన అక్క ముఖంలోకి పరీక్షగా చూశాడు. "నువ్వా? మా అక్కవి."

"నా పేరేంటి?"

ఆయన చెప్పాడు, చాలా మృదువుగా, ఇంటిపేరుతో సహా.

"ఇవాళ ఏ వారం?"

"గురువారం అక్కా. కంగారు పడకు."

"నేనెందుకు పడతాను! సరే, వందలోంచి ఏడు తీసెయ్యి. వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు తీసెయ్యి. అలా తీస్తూ పో."

ఆయన తీస్తూ పోయాడు. తొంభైమూడు, ఎనభైయారు, డెబ్భైతొమ్మిది... వంటింట్లో కూర తరగడం ఆపి భార్య వింటోంది. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆఖరికి ఆయన అన్నాడు, "రెండు మిగిలింది అక్కా. దాన్నేం చెయ్యమంటావు?"

ఆవిడ తృప్తిగా గాని, అసంతృప్తిగా గాని తల ఊపలేదు. ఎవరికైనా నూటికి నూరు వేస్తే చెడిపోతారని ఆవిడ నమ్మకం.

మెత్తడుగులాయన వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, భార్య చెవిలో చెప్పాడు. "చూడు, మా అక్క సంగతి బాగాలేదు."

"అదేంటండీ?"

"తన పేరు తనకి గుర్తులేదు. నన్నడిగి తెలుసుకుంది. వారం కూడా తెలీడం లేదు. పాపం, తీసివేతలు చేసుకోలేక నాచేత చేయించుకుంది. నువ్వు మాత్రం ఏమీ అనకు. నాన్న గుర్తున్నాడుగా. అడిగితే బాధపడతారు."

"మీకలా అనిపించిందా?" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదుటివాళ్లకి మతి పోయిందనుకోవడం కూడా జబ్బులో భాగమేనని ఎక్కడో చదివిన గుర్తు.

"నువ్వేం బెంగపెట్టుకోకు. నేను చూసుకుంటా" అని ఆయన ఆమె భుజం తట్టాడు.

ఆడవాళ్లిద్దరూ రొట్టె కొనడానికి వీధి చివరిదాకా వెళ్లారు. దారిలో దీపాలు పొగమంచులో పువ్వుల్లా తేలుతున్నాయి. వాటి కింద నిలబడి ఒకరు ఏడ్చారు, ఒకరు ఓదార్చారు. అరగంట తర్వాత తిరిగొచ్చి తలుపు తీస్తే, గుమ్మానికి ఒక చీటీ అంటించి ఉంది: "ఇది తలుపు. బయటికి వెళ్లేటప్పుడు ఎవరికైనా చెప్పి వెళ్లాలి." లోపల కిటికీ మీద "ఇది కిటికీ." పొయ్యి పక్కన గోడ మీద "ముట్టుకుంటే కాలుతుంది." పక్కగది తలుపు మీద "అక్క గది. అక్క అంటే నువ్వే." ఉప్పు జాడీ మీద పెద్ద అక్షరాల్లో "కళ్లద్దాలు ఇందులో ఉండవు." అన్నీ గుండ్రటి అక్షరాలు. భార్య పుస్తకాల జిగురుతో, అంచులు లేవకుండా, శ్రద్ధగా అంటించినవి.

మెత్తడుగులాయన కుర్చీలో కూర్చుని ఇద్దరినీ చూసి చిన్నగా నవ్వాడు. ఒక పని సవ్యంగా చేసినవాడి నవ్వు.

హెడ్మిస్ట్రెస్ రొట్టె బల్ల మీద పెట్టింది. చీటీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. కాసేపటికి ఫోను తీసుకుని పక్కగదిలోకి వెళ్లింది. సూపరింటెండెంటు ఒకప్పుడు ఆవిడ దగ్గర అయిదో తరగతి చదివాడు.

"నేనురా. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మా తమ్ముడి ఇంటికి రా. వాడు నీ దగ్గర పనిచేసే స్థితిలో ఉన్నాడో లేడో తేల్చాలి. తల దువ్వుకుని రా."

"అలాగే టీచర్" అంది ఫోనులోంచి గొంతు.

శుక్రవారం ఉదయం పొగమంచు ఇంకా చిక్కబడింది. సూపరింటెండెంటు తల దువ్వుకుని, బరువైన తోలు బూట్లతో వచ్చాడు. తలుపు మీద చీటీ చదివాడు. "బూట్లు బయటే" అని లోపల్నుంచి వినపడింది. విప్పాడు. లోపల ఒకదాని మీద ఒకటి మూడు జతల మేజోళ్లు వేసుకున్నాడు. అయినా పాదాలు గడ్డకట్టి ఉన్నట్టు కుంటుతూ వచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. టీచర్ కూర్చోమనలేదు.

మెత్తడుగులాయన అప్పటికే తయారై ఉన్నాడు. బుధవారం తర్వాత ఆయన కుర్చీ మీద మేజోళ్లు పెట్టుకోవడమే మానేశాడు. తన ఎంపిక మీద నమ్మకం పోయింది. భార్యే బుధవారం నాటి గోధుమరంగు సన్న ఉన్ని జత ఉతికి, తాడు మీద వెచ్చబెట్టి చేతికిచ్చింది. ఆయన మాట్లాడకుండా తొడుక్కుని, నృత్యశాలకి వెళ్లడానికి బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

సూపరింటెండెంటు జేబులోంచి కవరు తీశాడు. "సార్, ఎలా చెప్పాలో తెలియట్లేదు. గ్రంథాలయంలో నలభయ్యొక్క పలకలు ఊడదీశాం. ఒక్కటీ చెడిపోలేదు. చదువుకునేవాళ్లు పుస్తకాలు పట్టుకుని దూలాల మీద గెంతుతున్నారు. ఒకాయనైతే నేల లేదని చూసుకోకుండా చదువుతూ వెళ్లి నడుం లోతులో దిగాడు. ఇప్పుడు టీచర్ చెప్పింది కూడా వింటే... నృత్యశాల యంత్రానికి ఇచ్చేద్దాం. మీరు వసంతం దాకా విశ్రాంతి తీసుకోండి."

 మెత్తడుగులాయన తల దించుకుని తన పాదాలకేసి చూశాడు. అవే క్షమాపణ చెప్పాలేమో అన్నట్టు చూశాడు. కవరు అందుకోవడానికి చెయ్యి చాచాడు.

"ఇవ్వకండి" అంది భార్య.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అంత గట్టిగా మాట్లాడగా వాళ్లెవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు.

"ఆయన తలకి ఏమైనా అయి ఉండొచ్చు. నేను కాదనను. కానీ ఆయన పాదాలు మరిచిపోవు. పరీక్ష పెట్టండి."

"ఎక్కడ పెట్టమంటారు అక్కయ్యగారూ?" అని సూపరింటెండెంటు ఆమెని అడిగాడు.

"ఇక్కడే" అంది హెడ్మిస్ట్రెస్. పరీక్ష అన్న మాట వినగానే ఆవిడ ముఖంలోకి కళ వచ్చింది. "ఇది కూడా చెక్క నేలేగా. ఒరేయ్, బూట్లు వేసుకుని ఈ గదంతా నడువు. వదులు పలకలు ఎక్కడున్నాయో చెప్పు. చూసి రాయడాలు ఉండవు."

మెత్తడుగులాయన బూట్లు తొడుక్కున్నాడు. మొదటి అడుగు వేశాడు. భార్యకి అప్పుడు గుర్తొచ్చింది, ఆ గదిలో వదులు పలక ఒకటుందని, దాని కింద ఏముందో కూడా. రెండడుగులు వెనక్కి వేసి, చలి కాచుకుంటున్నట్టు పొయ్యి ముందు, సరిగ్గా ఆ పలక మీద నిలబడింది.

ఆయన కళ్లు సగం మూసుకుని నడిచాడు. తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గోడ దాకా. నిద్రలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లినంత నెమ్మదిగా పాదం ఆనించి, ఆగి, మరో పాదం ఆనించాడు. "ఇది గట్టిది. ఇదీ గట్టిదే. ఇక్కడ కింద దూలం ఉంది. దీని పక్కదానికి ఒకప్పుడు నీళ్లు తగిలాయి, ఆరిపోయింది." సూపరింటెండెంటు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. హెడ్మిస్ట్రెస్ చేతిలో లేని కలంతో గాలిలో మార్కులు వేస్తోంది.

గదంతా అయిపోయింది. ఆయన భార్య ముందుకి వచ్చి ఆగాడు. "వదులుది ఏదీ లేదు" అని, ఆమె కాళ్లకేసి చూసి, "ఈ చోటు ఒకటి మిగిలింది" అన్నాడు. "నువ్వు కాస్త జరుగు."

ఆమె జరగలేదు. జరిగితే తన దొంగతనం బయటపడుతుంది. జరక్కపోతే యంత్రం గెలుస్తుంది. పొయ్యి వేడికి ఆమె చీర అంచు వెచ్చబడింది. ఎదురుగా ఆయన ఏ తొందరా లేకుండా, ఎవరింట్లోనో నేల చూడ్డానికి వచ్చినవాడిలా మర్యాదగా నిలబడ్డాడు. ఆమె పక్కకి జరిగింది.

ఆయన పాదం ఆనించాడు. టక్కుమంది.

"ఇది" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన ముఖం కిటికీలా తెరుచుకుంది. వెంటనే మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి చిన్న కత్తి తీసి, పలక అంచు పైకెత్తాడు. లోపల ఒక నీలం మేజోడు, ఒక ఆకుపచ్చ మేజోడు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

"అయ్యో, నా తమ్ముడూ!" అని హెడ్మిస్ట్రెస్ లేచి నిలబడింది. "నాన్న కళ్లద్దాలు ఉప్పులో దాచాడు, వీడు సాక్సులు నేలలో దాచాడు!"

"ఆయన కాదు వదినా. నేనే దాచాను" అంది భార్య.

 హెడ్మిస్ట్రెస్ మెల్లగా వచ్చి, మరదలి మణికట్టు పట్టుకుని, కళ్లలోకి చూసింది. "ఏమ్మా, నేనెవర్ని?"

"వదినా, నాకేం కాలేదు!"

"వందలోంచి ఏడు తీసెయ్యి."

"తొంభైమూడు. ఆయన కాళ్లకి జత తప్పి ఉంటే, నలుగురిలో నవ్వులపాలవుతారని మంగళ, బుధవారాలు నేనే ఒక్కోటి మార్చాను."

మెత్తడుగులాయన మోకాళ్ల మీదే ఉండి తలెత్తాడు. "నువ్వా మార్చింది?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. పోగొట్టుకున్న తాళంచెవి దొరికినప్పటి గొంతు అది. కోటు జేబులోంచి నోటుపుస్తకం తీసి సూపరింటెండెంటుకి ఇచ్చాడు.

సూపరింటెండెంటు పైకి చదివాడు. "మంచు కాలానికి మేజోళ్ల పరీక్ష. ఒక్కో కాలికి ఒక్కో రకం." పుటలు తిప్పాడు. "శుక్రవారం. గ్రంథాలయం. ఎడమ కాలికి మందపాటి ఉన్ని, కుడి కాలికి నూలు. కుడివైపు నేలంతా కదులుతోంది, ఆశ్చర్యంగా ఉంది." అతను తలెత్తి, "నలభయ్యొక్క పలకలు" అని తనలో తను అనుకుని, మళ్లీ చదివాడు. "బుధవారం. రెండూ సన్నటి గోధుమ ఉన్ని. ఎలా వచ్చాయో తెలియదు. వేళ్లకి చోటుంది. తొమ్మిదింటికే పాదాలు వెచ్చగా ఉన్నాయి. నేల ఇంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు మతి పోతూ ఉండొచ్చు. అయినా ఇవే సరైనవి."

అది చదివాక సూపరింటెండెంటు కవరు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. కాళ్లు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ, "అక్కయ్యగారూ, ఈ గోధుమరంగువి ఎక్కడ దొరుకుతాయి?" అని భార్యని అడిగాడు.

"మూడు జతలు తీసి అవతల పారెయ్యి ముందు" అంది హెడ్మిస్ట్రెస్. "బూటులో గాలాడాలిరా. అయిదో తరగతిలో చెప్పానుగా." తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "అయితే ఈ చీటీలన్నీ ఎవరికోసంరా?"

 మెత్తడుగులాయన ‘అక్క గది’ అన్న చీటీకేసి ఒకసారి చూశాడు.

"ఆగండి వదినా. నన్నొకటి అడగనివ్వండి" అంది భార్య. భయం పోయినచోట ఇప్పుడు ఇంకేదో వచ్చి కూర్చుంది. "ఏమండీ, ఈ పలక కదులుతోందని మీకు ఇవాళే తెలిసిందా? పదకొండేళ్లుగా చెబుతున్నాను. మొదటి శీతాకాలం చెప్పాను. పాలగిన్నెతో తూలినప్పుడు చెప్పాను. ప్రతిసారీ ‘ఆదివారం మేకు కొడతాను’ అన్నారు. గుర్తుందా?"

 సూపరింటెండెంటు నేలకేసి చూశాడు.

"అయితే వీడికి మతిమరుపు ఉన్నట్టా, లేనట్టా?" అంది హెడ్మిస్ట్రెస్.

"నేలల విషయంలో లేదు టీచర్."

"ఇదీ నేలేగా!" అంది భార్య.

"ఇంటి నేల వేరమ్మా" అని హెడ్మిస్ట్రెస్ తీర్పు చెప్పబోయింది. దాన్ని భార్య ఒప్పుకోలేదు. సూపరింటెండెంటు ఇద్దరికీ మధ్య ఏదో చెప్పబోయి ఇద్దరిచేతా చీవాట్లు తిన్నాడు. ముగ్గురి మాటలూ పొయ్యి సెగలో కలిసి గది వెచ్చబడింది.

మెత్తడుగులాయన పలకని దాని చోట పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, దాని మీద గుర్తు గీసి, పక్కన గుండ్రటి అక్షరాలతో ‘అత్యవసరం’ అని రాశాడు. నీలం మేజోడునీ ఆకుపచ్చదాన్నీ దులిపి, తాడు మీద పక్కపక్కనే వేశాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె వాదిస్తూనే, చూడనట్టుగా, ఆయన పాదాలకేసి చూసింది. రెండూ గోధుమరంగే. ఆయన కోటు వేసుకుని, ‘బయటికి వెళ్లేటప్పుడు ఎవరికైనా చెప్పి వెళ్లాలి’ అన్న చీటీ ఉన్న తలుపు తీసి, ఎవరికీ చెప్పకుండా నృత్యశాల వైపు పొగమంచులోకి వెళ్లిపోయాడు.

పన్నెండో శీతాకాలం వచ్చేసరికి ఆ సుద్దగుర్తు కొంచెం వెలిసింది గాని, పలక మాత్రం బాగానే కదులుతోంది.